అక్క ఫోను కట్ చేసిన రోజు

ఒక రోజు పొద్దున మా మొయినాబాద్‌లో సగం మంది ఫోన్ల తీరే మారిపోయింది. నేను మార్చలేదు. రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చిపడింది. అయినా సెల్‌ఫోన్ల షాపు నడిపేవాణ్ణి కాబట్టి జనం నన్నే పట్టుకున్నారు.

"అన్నా, నేనేం ఒత్తలే. పండుకొని లేచేసరికి గిట్లయింది."

"ఎవడన్న హ్యాక్ చేసిండా? బ్యాంకుల పైసలు ఉన్నయా, పోయినయా?"

ఒకామె ఫోను గుండెకు హత్తుకుని వచ్చింది. "ఫోటోలు పోతే పోనీ తమ్మి, దీంట్ల బైబిల్ ఉన్నది. అది పోదు గద?" పోదని చెప్పి, తెరిచి చూపించాక గానీ కదల్లేదు.

పదకొండయ్యేసరికి నా నోరు ఎండిపోయింది. ఫోను డబ్బా అట్ట చించి జవాబులన్నీ రాసి షట్టరుకు తగిలించాను: పైసలు పోవు, ఫోటోలు పోవు, ఎవరూ హ్యాక్ చేయలేదు, పాతది మళ్ళీ రాదు. ఆ అట్ట చదివిన ప్రతి మనిషీ లోపలికొచ్చి, "అన్నా, బయట రాసింది నిజమేనా?" అని అడిగాడు. ఏం చెప్పాలి వీళ్ళకు! "మంచిగున్నదాన్ని ఎందుకు మార్చిండ్రు?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. నాకూ అదే అనుమానం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. షాపుకొచ్చే గిరాకీల ముందు మింగేస్తాను. ఆ మింగిందంతా ఎవరో ఒక ఇంటిమనిషి మీద పడుతుంది. ఏడాదిన్నర కింద అలా మా అక్క మీద పడింది. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. దొంతన్‌పల్లిలో ఉంటుంది, అక్కడి కాలేజీ హాస్టల్ వంటింట్లో పని. ఫోన్లో జాగా నిండిపోయిందని, ఏం తీసెయ్యాలని ఆ రోజు నాలుగోసారి ఫోన్ చేసింది. షాపు నిండా జనం. "నీకు చెప్పేకన్న గోడకు చెప్పుడు నయం! బుర్రుందా నీకు?" అని అరిచాను. షాపులో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వు అక్కకు వినబడింది. "సరే తమ్మి, పని చేస్కో" అని పెట్టేసింది.

అంతే. ఆ తర్వాత అక్క నుంచి ఫోను లేదు. చుట్టాల పెళ్ళిళ్ళలో కలిస్తే "తిన్నవా?" అంటుంది, పక్కకు పోతుంది. నేనన్నా చేయాలి కదా అంటారా? చేయలేదు. సిగ్గు. ఉన్న మాట చెప్తున్నాను.

అప్‌డేట్ రోజుకు వస్తే, మధ్యాహ్నం ఆలూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. టమాటా వేస్తాడు. పొద్దటి నుంచి మార్కెట్‌వాళ్ళు చేసిన ఫోన్లు ఎత్తబోతే కట్ అవుతున్నాయట. ఇదివరకు వేలితో పైకి జరిపితే ఎత్తడం, కిందికి జరిపితే కట్. ఇప్పుడు అడ్డంగా జరపాలి, కుడికైతే ఎత్తడం, ఎడమకైతే కట్. నా సొంత ఫోను ఆయన వైపు తిప్పి బల్ల మీద పెట్టాను. షాపులో వాడే పాత ఫోనుతో దానికి రింగిచ్చాను. మోగింది.

"సూడు బాపు, ఇటు జరిపితే కట్. గీ తప్పే నువ్వు చేస్తున్నవ్" అని ఎడమకు జరిపి చూపించాను.

"ఆగు, నన్ను జరపనియ్యి" అన్నాడాయన. మళ్ళీ నంబరు నొక్కాను. నొక్కీ నొక్కకముందే మోగింది. ఆయన బొటనవేలు ఎడమకే పోయింది. కట్. ఆయన స్క్రీన్ మీదికి వంగి చూసి, "ఏందన్నా, నీ షాపు ఫోన్‌కు అక్క అని పేరు పెట్టుకున్నవా?" అన్నాడు.

ఫోను లాక్కుని చూశాను. అక్క రింగులతో లైను బిజీ అయి, నా రింగు ఒక్కటీ రాలేదు. వచ్చినవి రెండూ అక్కవే. ఏడాదిన్నరకు ఫోన్ చేస్తే, ఒకటి నేను కట్ చేశాను, ఒకటి గిరాకీతో కట్ చేయించాను.

వెంటనే చేశాను. రెండు రింగులు, కట్. మళ్ళీ చేశాను. కట్. మూడోసారీ అంతే. అక్కకు ఎత్తడం రాక కట్ అవుతోందా, కోపంతో కట్ చేస్తోందా? పొద్దటి నుంచి ఊరందరికీ జవాబు చెప్పినవాణ్ణి, ఇదొక్కటి తేల్చుకోలేకపోయాను. ఆ పెద్దమనిషికి ఎత్తడం నేర్పి పంపి, షట్టరు దించి, బండి మీద దొంతన్‌పల్లి దారి పట్టాను.

నేను పోయేసరికి హాస్టల్ పిల్లల భోజనాలు అయిపోయాయి. అక్క వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"అక్కా, నేను కావాలని కట్ చెయ్యలే. గిరాకీకి చూపిస్తుంటే..." అని మొత్తం చెప్పాను. టమాటా పెద్దమనిషి మాట వచ్చేసరికి అక్క పెదవులు కదిలాయి, నవ్వు ఆపుకుంది.

"నీ ఫోన్ కూడ మారింది గద. ఎత్తుడు రాలేదా?" అని అడిగాను.

"ఎందుకు రాదు? ఇందాక అన్నాల యాళ్లకు హాస్టల్ పిల్లలు నేర్పిండ్రు. ఎవరికన్న చేసి వాపస్ చెయ్యమను, ఎత్తి సూడు ఆంటీ అన్నరు. నీకు చేసిన."

"మరి నేను చేస్తే?"

"నేనే కట్ చేసిన. నువ్వు రెండుసార్లు కట్ చేస్తివి, మళ్ల తిడ్తవనుకున్న. ఫోన్ల నీ గొంతంటే నాకు భయం, తమ్మి."

చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి, నా గొంతంటే భయమంది. ఏడుపొచ్చింది నాకు. "తప్పయిందక్కా" అన్నాను. అక్క పక్కకు జరిగి మెట్టు మీద జాగా ఇచ్చింది. తన ఫోను నా చేతిలో పెట్టింది.

"ఎత్తుడు ఎట్లనో చెప్పు" అంది.

తనకు వచ్చని ఇప్పుడే చెప్పింది. అయినా చెప్పాను. కుడి, ఎడమ, గొంతు పెంచకుండా, మెల్లగా, ఒక్కొక్కటే. అక్క చివరిదాకా విన్నది.

"సమజ్ కాలే. మళ్ల చెప్పు" అంది.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.