కివ అత్తగారి తవుడు కుండ

తెల్లవారి అయిదింటికి వంటింట్లో మూత చప్పుడైతేనే ఫుసకోకు మెలకువ వచ్చేది. అత్తగారు కివ, ఊరగాయ కోసం ఉప్పు కలిపి పులియబెట్టిన తవుడు కుండలోకి మోచేతి దాకా చెయ్యి దించి అడుగు పైకీ, పై తవుడు అడుక్కీ తిప్పేది. రాత్రి పాతిన ముల్లంగి పొద్దునకల్లా ఊరి ఉండేది. ఇప్పుడా మూత ఫుసకోనే తీయాలి. ఆవిడ పోయి నలభై రోజులు.

కివ నూటతొమ్మిదేళ్లు బతికింది. కొండ అవతల నుంచి పెళ్లయి వస్తూ పుట్టింటి కుండలోని తవుడు మూటగట్టుకొచ్చింది. యుద్ధం మొగుణ్ని మింగితే పట్టుపురుగులు పెంచి కొడుకును సాకింది. ఆ కొడుకు, ఫుసకో మొగుడు, పోతే అతణ్నీ తనే సాగనంపింది. నూరేళ్లు నిండాయని సర్కారు వెండి గిన్నె పంపితే, "ఉప్పు కొలవడానికి బాగుంది" అని కుండ పక్కన పెట్టుకుంది.

కుండలో మాత్రం కోడలి చెయ్యి పడనిచ్చేది కాదు.

"నేను పోయాక నీదేగా. కాస్త ఓపిక పట్టవే" అనేది.

ఆ కాస్త ఓపిక యాభై ఏడేళ్లు పట్టింది.

తీరా చేతికొచ్చాక, కుండలోని పులుపు ఎక్కడ చచ్చిపోతుందోనని ఫుసకోకు ఒకటే భయం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తిప్పింది. అయినా రుచి పల్చబడిపోతోంది. పక్కింటి మత్సుయో టీ తాగుతూ ఓ ముల్లంగి ముక్క కొరికి మొహం చిట్లించింది.

"ఇదేంటి వదినా, నీళ్లు నమిలినట్టుంది!"

"రోజుకు మూడుసార్లు తిప్పుతున్నానే. ఇది పోతే ఆవిడ పటం ముందు ఏ మొహంతో కూచోను?"

"మూడుసార్లా! ఈ చలిలోనా? డాక్టరు రోజూ వచ్చి నాడి చూస్తుంటే పెద్దావిడ ఏమందో మర్చిపోయావా?"

ఫుసకోకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతోనే. "ఇలా కదిలిస్తూ ఉంటే నేనెప్పుడు బతికేది నాయనా" అంది అత్తగారు డాక్టరుతో.

అప్పుడు గుర్తొచ్చింది. మంచు పడ్డ రోజుల్లో ఒక్కో తెల్లవారి మూత చప్పుడే ఉండేది కాదు. అత్తగారికేమైందోనని ఫుసకో వట్టికాళ్లతో అరుస్తూ వంటింట్లోకి పరుగెత్తేది. ఆవిడ మూత పెట్టిన కుండ పక్కన కూచుని టీ ఊదుకుంటూ ఉండేది. "అరవకే. ఈ చలికి దాన్నీ పడుకోనీ."

మర్నాడు పెరట్లో ముల్లంగి ఆకుల మీద తెల్లగా మంచు పేరింది. ఫుసకో అయిదింటికే లేచింది. అలవాటుగా మూత మీద చెయ్యి వేసి, మూత తియ్యకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది. పొయ్యి మీద నీళ్లు పెట్టి రెండు కప్పుల టీ పోసింది. ఒకటి పటం ముందు పెట్టి, రెండోది తెచ్చుకుని కుండ పక్కన కూచుంది.

ఆ పూట తవుడు తిప్పలేదు.