ఎదురింటి కాక ఏరి తెచ్చిన ప్లేయర్

పన్నెండు రోజుల కిందట, పొద్దున్నే గేటు దగ్గర ఎదురింటి చిన్నవ్వ గొంతు వినపడింది. "బిడ్డా, మీ కాక ఎంత లేపినా లేస్తలేడు, జర రా!" చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. మంచం మీద పక్కకు తిరిగి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. గోదావరిఖనిలో మా ఎదురింటి కాక ఇక లేడు.

మాకు రక్తసంబంధమేమీ లేదు. మా బాపూ ఆయనా ఒకే బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పనిచేశారు. బాపు బొగ్గు నింపే కార్మికుడు, కాక సర్దార్. అంటే అందరికంటే ముందు లోపలికి వెళ్లి, పొడవాటి కర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడు విని, కింద పని చేయవచ్చో లేదో చెప్పే మనిషి. ఖంగుమంటే గట్టి కప్పు, డొల్లగా పలికితే కూలే కప్పు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. కొబ్బరికాయ, నీళ్ల ట్యాంకు, మా ఇంటి కొత్త తలుపు, ఏది కనబడినా వేలి కణుపుతో కొట్టి తల వంచి వినేవాడు. "కండ్లు మోసపోతయి బిడ్డా, చెవులు గంత జల్ది మోసపోవు" అనేవాడు.

ఆయన మేలు చాలా ఉంది మా మీద. నాకు అన్నింటికంటే ముందు గుర్తొచ్చేది మాత్రం ఒక బ్లూ-రే ప్లేయర్.

బాపు పోయి రెండేళ్లు దాటింది. అమ్మను మేం అవ్వ అంటాం, మా దగ్గరే ఉంటుంది. ఫోన్లలో బాపు ఫొటోలున్నాయి కానీ, ఆయన గొంతు ఎక్కడా లేదు. ఉన్నదల్లా నా పెళ్లి డిస్కు. "బ్లూ-రేల ఎక్కిచ్చిన మేడం, సినిమా హాల్ లెక్క కనవడ్తది" అని వీడియో తీసినాయన గొప్పగా చేతిలో పెట్టాడు. దాన్ని ఆడించే ప్లేయర్ మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆల్బం చూసి మురిసిపోయి, డిస్కును బీరువాలో పట్టుచీరల కింద పెట్టి మరిచిపోయాం. బాపు పోయాక ఒకరోజు అవ్వ అడిగింది. "గండ్ల మీ బాపు మాట్లాడుతడు గదనే. ఒక్కసారి ఇనవెట్టు."

నాకు ముక్కు మీదే కోపం, కాలు మీదే తొందర. పెట్టె మీద ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉంటే చాలనుకుని ఫోనులో ఒక ప్లేయర్ తెప్పించాను. డిస్కు వేస్తే కాసేపు తిప్పి బయటికి నెట్టేసింది. మూడుసార్లు వేసినా అదే తంతు. డిస్కు పాడైపోయిందని తేల్చేశాను. వీడియో తీసినాయన్ని తిట్టిపోశాను, ఆయన దుకాణం మూసేసి ఎన్నేళ్లయిందో! చెత్తబుట్టలో వేయబోతే అవ్వ అందుకుంది. కొంగుతో తుడిచి మళ్లీ చీరల కింద పెట్టింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

సంగతి తెలిసి కాక వచ్చాడు. డిస్కును అంచులు పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"డిస్కు కరాబ్ గాలే. నువ్వు తెప్పిచ్చింది డీవీడీ డబ్బ, గిది బ్లూ-రే డిస్కు. గింత చదువు చదివినవ్, పెట్టె మీద ఉన్నది మొత్తం చదువొద్దానె పిల్లా?"

తర్వాత టార్చి పట్టుకుని మా టీవీ వెనక్కి దూరి, ఉన్న సాకెట్లన్నీ కాగితం మీద బొమ్మ గీసుకున్నాడు. "పరేషాన్ గాకు. రేపు కరీంనగర్ పోదం."

కరీంనగర్‌లో నాలుగు దుకాణాల్లో నవ్వి పంపించారు. "గవ్వి గిప్పుడెవ్వరు కొంటుండ్రు కాకా? అందరు ఫోన్లనే చూస్తుండ్రు." ఐదో దుకాణంలో రెండు రకాలు దొరికాయి. కాక మొదటిదాన్ని చేతుల్లో తూచి, కణుపుతో కొట్టి, "డొల్ల పలుకుతుంది" అన్నాడు.

"కొత్తయన్ని తేలిగ్గనే ఉంటయి కాకా. గట్ల కొట్టి చూసెతందుకు గిదేమన్న కొబ్బరికాయనా?" అన్నాడు దుకాణదారు. ఆ మాట నిజమే, బరువుకూ పనికీ సంబంధం లేదు. నేను సిగ్గుతో చచ్చాను. కాక మేం తీసుకెళ్లిన పెళ్లి డిస్కు వేయించి ప్లేయర్ మీద చెవి పెట్టాడు. లోపల గరగరమంది. రెండోది చప్పుడు లేకుండా తిరిగింది, బొమ్మ వచ్చింది. వెనక సాకెట్లు తన కాగితంతో సరిచూసుకున్నాడు. ఇక వెళ్దామంటే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మిషన్ వేడెక్కినంకనే దాని గుణం బయటపడ్తది. జర నడవనియ్యి."

ఇంకేముంది, నడిబజార్లో నా పెళ్లి! పసుపు ముఖంతో గోడంత టీవీలో నేను. ఫ్రిజ్ కొనడానికి వచ్చినవాళ్లు కూడా నిలబడి చూస్తున్నారు. ఒకావిడ తెర మీది నన్నూ ఎదురుగా ఉన్న నన్నూ మార్చి మార్చి చూసి, "అప్పుడు మస్తు సన్నగుండె" అంది. "కాకా, ఇజ్జత్ పోతుంది, లే!" అని గొణిగాను. కదిలితేనా!

గంట దాటాక అప్పగింతలు వచ్చాయి. తెల్ల ధోతిలో బాపు మా ఆయన దగ్గరికి నడిచి వచ్చి, చేతులు పట్టుకుని, మాట్లాడబోయాడు. కాక గబుక్కున లేచి ఆపేశాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏంది కాకా! గింత సేపు కూసోవెట్టి, బాపు మాట్లాడె యాల్లకు ఆపుతవా?"

ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. "మీ బాపు మాట మొదలు మీ అవ్వ ఇనాలె బిడ్డా. మనం కాదు. మిషన్ మంచిగుంది, కట్టియ్యమను."

ఆ సాయంత్రం అవ్వ వింది. "నా బిడ్డకు జర కోపమెక్కువ అల్లుడా, ఓర్సుకో" అంటున్నాడు బాపు. అవ్వ నవ్వింది, ఏడ్చింది, మళ్లీ పెట్టమంది. ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్కలేదు. కాక లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. బయటికి వెళితే, "పలికిండా?" అని మాత్రం అడిగాడు. నేను తలూపాను. నా తొందరకు చెత్తలోకి పోవాల్సిన బాపు గొంతును ఆ మనిషి ఓపిక కాపాడింది. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేదు. అనాల్సింది.

నిన్న పదకొండో రోజు అయిపోయింది. ఈ పొద్దున చిన్నవ్వ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "నీ పెండ్లిల మీ కాక వడ్డిచ్చిండు గద బిడ్డా. గండ్ల కనవడ్తడా?"

అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. డిస్కు వేసి, భోజనాల దగ్గరికి జరిపాను. ఆఖరి బంతి. కాక పప్పుచారు బకెట్ పట్టుకుని వరుస వెంట వస్తున్నాడు. బాపు చాలు చాలంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. కాక ఆ చెయ్యి పక్కకు తీసి గరిటె నిండా పోశాడు. ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఆపు బిడ్డా, గాడనే ఆపు" అంది చిన్నవ్వ.

రిమోట్ ఎత్తాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకే. తిననియ్యి వాళ్లను."

ఆపలేదు. బాపు అన్నం కలుపుకున్నాడు. కాక బకెట్ ఎత్తుకుని పక్క విస్తరి ముందు వంగాడు.