నోటికి అడ్డం పెట్టిన ఫైలు

నీలం అట్ట ఫైలు ఎక్కడ కనబడినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాన్న నౌకాదళంలో ఇంజన్ గదిలో పనిచేశాడు. ఆ మోతకి రెండు చెవులూ పోయి, వైకల్య పింఛనుతో ఇంటికొచ్చాడు. ఎదుటివాళ్ల పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం తనంతట తనే నేర్చుకున్నాడు.

నాకు ఇంజనీరింగ్ సీటొచ్చినప్పుడు, అలాంటివాళ్ల పిల్లలకిచ్చే ఫీజు సాయం కోసం ఇద్దరం సైనిక సంక్షేమ ఆఫీసుకెళ్లాం. మిలిటరీ డాక్టర్లిచ్చిన సర్టిఫికెట్టు టేబుల్ మీదే ఉంది. గుమాస్తా దాని మొహం కూడా చూడలేదు. నాన్నని పేరడిగాడు, ఊరడిగాడు. నాన్న టకటకా చెప్పేశాడు.

"అన్నీ ఇనబడతన్నాయి కదేటి! సెవుడెక్కడుందమ్మా?" అన్నాడు నాతో.

"మీ పెదాలు సూసి సెప్తన్నారండీ."

"అయితే సూద్దాం" అంటూ నీలం ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని, నాన్నతో అన్నాడు: "కూతురి ఫీజు కోసం సెవిటి యేసాలేస్తన్నావేటి?"

గదిలో అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారని నాన్న కూడా నవ్వాడు. అప్పుడు పెట్టాడు గుమాస్తా సంతకం. డాక్టర్ల కాగితం చాలలేదు. మనిషిని మొహం మీద తిడితే గానీ చెవుడు రుజువు కాలేదు.

"ఫైలెనకాల ఏటన్నాడమ్మా?" బయటికొచ్చాక మెట్ల దగ్గర అడిగాడు నాన్న.

"నన్ను బాగా సదువుకోమన్నారు నాన్నా" అన్నాను.

నాన్న గబగబా లోపలికెళ్లి, ఆ మనిషికి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చాడు.