ఆల్టో వినిపించని స్పీకర్లు

మా హాల్లో టీవీకి అటూ ఇటూ నిలబెట్టిన టవర్ స్పీకర్లను చూసి ఇంటికొచ్చినవాళ్ళు "భలే ఉన్నాయండీ" అంటారు. ఎందుకుండవు? నడుం ఎత్తు చెక్క పెట్టెలు, ముందు నల్ల బట్ట తొడుగు, పక్కలంతా టేకు రంగు మెరుపు. మా ఆయన మురిసిపోతారు. నాకు మాత్రం వాటిని చూస్తే ఒళ్ళు మండుతుంది. అవి నేను ఎంచుకున్న స్పీకర్లు కావు. ఆ ముక్క నాకు తెలిసేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

నేను ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో టీచర్ని. మా చర్చి క్వాయర్‌ని చాలా ఏళ్ళు నేనే నడిపించాను. మిషనరీ దొరసానుల దగ్గర మా అమ్మమ్మ నేర్చుకున్న నాలుగు స్వరాల పాట మాది. ఆడవాళ్ళలో పై స్వరం ట్రెబుల్, కింది స్వరం ఆల్టో. మగవాళ్ళలో టెనర్, బేస్. కీబోర్డు ఉన్నా, పాటకి ముందు శృతి ఇచ్చేది నేనే. అందుకు అమ్మమ్మ ఇచ్చిన పిచ్ పైప్ ఉండేది నా దగ్గర, బిస్కెట్టంత గుండ్రంగా. అంచున ఊదితే కావలసిన స్వరం పలుకుతుంది. ఎవరు కాస్త జారినా నాకు తెలిసిపోయేది. "టీచర్ గారి చెవులండీ బాబూ!" అని టెనర్లు హడలిపోయేవారు. వాళ్ళలా హడలిపోవడం నాకు మహా సరదాగా ఉండేది.

మా ఆయనకి సినిమా పిచ్చి. కైకలూరులో చేపల మేత షాపు ఆయనది. అక్కడ చెరువుల ఆసామి ఒకాయన ఇంట్లో హోమ్ థియేటర్ చూసొచ్చిన దగ్గర్నుంచి మనకీ కావాలని ఒకటే పోరు. నాకేమో పాటలు వినడానికి మంచి స్పీకర్లు కావాలి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పాటకీ సినిమాకీ కలిపి ఒకటే జత కొనాలి, ఎంపిక మాత్రం నాది. "నీ చెవుల మీద నాకు నమ్మకం" అన్నారాయన. ఎంత పొంగిపోయానో!

తాడేపల్లిగూడెంలో ఒక షాపాయన మేడ మీద వినడానికి విడిగా గది కట్టించాడంటే రైలెక్కి వెళ్ళాం. మా క్రిస్మస్ ఆరాధనలో రికార్డు చేసిన పాటని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళాను. ఆయన ఒకే కంపెనీవి రెండు జతలు చూపించాడు. బయటికి చూస్తే కవల పిల్లలే. తేడా అంతా బట్ట వెనకాల ఉంది, ఒక జతలో బరువు శబ్దాలు పలికే ఊఫర్లు పెద్దవి. మొదట దాన్నే పెట్టాడు. డ్రమ్ము దెబ్బకి గుండెల్లో దడ పుట్టింది గానీ, గొంతులు మాత్రం బిందెలో తల పెట్టి పాడినట్టున్నాయి. రెండో జత పెట్టాడు. మావాళ్ళంతా వచ్చి ఎదురుగా వరసలో నిలబడ్డారనిపించింది. పాట ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది. ట్రెబుల్ కిందుగా ఆల్టో, అందులో నా గొంతు, విడిగా, శుభ్రంగా.

"ఇవేనండీ" అన్నాను.

"మంచివే పట్టారండీ టీచర్ గారూ," అన్నాడు షాపాయన. "గొంతు బాగా పలికిందంటే సినిమాలో మాటలూ బాగుంటాయండీ. ఇల్లు దద్దరిల్లాలంటే తర్వాత ఒక సబ్ ఊఫర్ తగిలించుకోవచ్చు. ముందే దడదడలాడేవి కొనుక్కుంటే ఆ దడ ఎక్కడికి పోతుందండీ?"

మా ఆయన గంగిరెద్దులా తలూపారు.

వారం తిరక్కుండా స్పీకర్లు ఇంటికొచ్చాయి. ఆయన ముందుగా సినిమా పెట్టారు. కిటికీ అద్దాలు అదిరిపోయాయి. తర్వాత నా పాట పెట్టాను. ఆల్టో లేదు. మళ్ళీ పెట్టాను. ఎంత చెవి ఒగ్గి విన్నా ఆల్టో ఎక్కడుందో పట్టలేకపోయాను.

"ఏవండీ, షాపులో విన్నట్టు లేవండీ ఇవి" అన్నాను.

"అక్కడి గది వేరు, మన హాలు వేరు కదా" అన్నారు. సరే, కర్టెన్లు వేశారు. తివాచీ పరిచారు. స్పీకర్లను గోడకి దూరంగా జరిపారు. నేను అడిగిన ప్రతిసారీ అలా ఏదో ఒకటి జరిపేవారు, ఎంత ఓపికో మహానుభావుడికి! చివరికి ఒకరోజు విసుక్కుని అనేశారు. "స్పీకర్లకేం రోగం? నీ చెవులే మందగించాయి. మా అమ్మకీ ఇలాగే మొదలైంది."

మా అత్తగారి చివరి రోజుల్లో ఆవిడ పక్కన కూర్చుని గట్టిగా అరిచి మాట్లాడింది నేనే. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే భయం వేసింది. డాక్టరు కూడా అవునని అంటే ఇక చేసేదేముంది?

ఈస్టర్ ప్రాక్టీసులో టెనర్లు కిందికి జారినట్టనిపించింది. ఆపబోయి, ఆగిపోయాను. "సరిగ్గానే ఉందా?" అని అడిగాను. నేను అడగడమేమిటి, అదీ టెనర్లని! "బాగానే ఉందండీ" అన్నారు వాళ్ళు. ఉండే ఉంటుందనుకున్నాను. ఈస్టర్ అవ్వగానే క్వాయర్లో బాగా పాడే ఒక అమ్మాయి చేతిలో పిచ్ పైప్ పెట్టి, "నా చెవులు బాగోలేవమ్మా, ఇక నువ్వు చూసుకో" అన్నాను. చర్చి చర్చంతా అయ్యో అంది. మా ఆయన సంఘ పెద్ద. నా పక్కనే నిలబడి, అడిగినవాళ్ళందరికీ "వయసండీ, ఏం చేస్తాం" అని ఆయనే చెప్పారు. ఇంటికెళ్ళి నేను ఏడుస్తుంటే మంచినీళ్ళు తెచ్చిచ్చారు కూడా.

ఎండాకాలం సెలవుల్లో పెళ్ళికని తాడేపల్లిగూడెం వెళ్ళి, దారిలోనే కదా అని ఆ షాపులో దిగాను. చెవులు మందగించినవాళ్ళకి ఏమైనా సర్దుబాటు ఉంటుందేమో అడుగుదామని.

"పెద్ద ఊఫర్ల జత ఎలా ఉందండీ టీచర్ గారూ?" అన్నాడాయన.

"మేం తీసుకున్నది అది కాదు కదండీ."

"అయ్యో, మీరే మనసు మార్చుకున్నారన్నారండీ సారు. మర్నాడే వచ్చి ఆర్డరు మార్పించి వెళ్ళారు కదండీ!"

ఆయన నా ముఖంలోకి చూశాడు. మేడ మీదికి తీసుకెళ్ళి నేను ఎంచుకున్న జతలో నా పాట పెట్టాడు. నా ఫోన్లో ఉందది. ఊపిరి వినబడింది. ఆల్టో వినబడింది. టెనర్ ఒకాయన రెండో చరణంలో కాస్త జారడం కూడా వినబడింది. నేను ఆ గదిలో కూర్చుని భోరుమన్నాను.

ఇంటికొచ్చి అడిగేశాను. ఆయన బుకాయించలేదు.

"రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా. నీకు తేడా తెలీదనుకున్నాను."

"తెలిసింది కదండీ! వచ్చిన రోజే చెప్పాను కదా!"

"అప్పటికే ఇంటికొచ్చేశాయి. ఎలా చెప్పను?"

"స్పీకర్లు పోతే పోయాయి. నా చెవులు పోయాయన్నారే! చచ్చి స్వర్గానున్న మీ అమ్మగారిని కూడా మధ్యలోకి లాక్కొచ్చారే! నేను క్వాయర్ వదిలేస్తుంటే పక్కన నిలబడి చూశారే!"

ఆయన తల వంచుకున్నారు. వెళ్ళి మళ్ళీ చేరమన్నారు. చేరాలంటే ఏమని చెప్పను? మా ఆయన అబద్ధాలకోరు అనా? మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకోవచ్చు, తప్పు ఒప్పుకోవచ్చు. "చెడగొట్టింది మీరు. ఆదివారం లేచి మీరే చెప్పండి" అన్నాను. సరేనన్నారు.

లేచారు. గొంతు సవరించుకున్నారు. నాకు ఆయన మీద జాలి కూడా వేసింది.

"మా ఆవిడ చెవుల విషయం మీ అందరికీ తెలుసు," అన్నారు. "మీ ప్రార్థనల వల్ల, దేవుని కృప వల్ల, ఇప్పుడు పూర్తిగా బాగైపోయాయి. స్తోత్రం."

"స్తోత్రం!" అంది చర్చంతా. ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ అమ్మాయి పరుగున వచ్చి పిచ్ పైప్ నా చేతిలో పెట్టింది. నేను మగవాళ్ళ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. అందరూ నాకోసం చూస్తుంటే ఏం చెయ్యను? ఊదాను. పాట ఎత్తుకున్నారు. టెనర్లు జారితే వేలెత్తి సరిచేశాను.

ఆరాధన అయ్యాక మా ముందు వరసలో కూర్చునే మామ్మగారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. ఆవిడకి చెవులు వినబడక ఏళ్ళయింది. మనవరాలు కాగితం మీద రాసి చూపించిందట నా సంగతి. నా చేతులు పట్టుకుని, "తల్లీ, ఏ ప్రార్థన చేయించావో నాకూ చేయించమ్మా. పాట విని చచ్చిపోతాను" అన్నారు.

మా ఆయన పక్కనుంచి, "తప్పకుండానండీ మామ్మగారూ" అన్నారు.

నేను వంగి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, "నా చెవులకి ఎప్పుడూ ఏమీ కాలేదండీ. ఆయన నాకు అబద్ధం చెప్పారు. మీ అందరికీ కూడా చెప్పారు" అన్నాను.

ఆవిడ బోసినోటితో నవ్వి, రెండు చేతులతో నా చెవులు తడిమి, "స్తోత్రం తల్లీ, స్తోత్రం" అన్నారు.