ఇస్త్రీ అన్న చేతి మీది తేలు

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. ఊరి బడిలో చదివిన కొద్దిపాటి చదువు, మన్నించాలి. మా బోయిగూడ గల్లీలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్న పోయిన వారం తెల్లవారుజామున కన్నుమూశాడు. ఆయన గురించి పేపర్లో ఎవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

ఎండాకాలంలో కూడా, నిప్పులు నింపిన ఇస్త్రీపెట్టె పట్టుకుని, నిండు చేతుల చొక్కాతోనే నిలబడేవాడు. ఎందుకో గల్లీలో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. వయసులో ఉండగా మార్కెట్ దగ్గర ఒక గ్యాంగుతో తిరిగి జైలుకు పోయాడు. ఆ గ్యాంగు గుర్తు తేలు. ఆయన కుడి ముంజేతి మీద ఆ పచ్చబొట్టు ఉంది.

మధ్యాహ్నం ఇద్దరం చాయ్ తాగేవాళ్లం. నాకు మాటలు తక్కువ, ఆయనే చెప్పేవాడు. రబ్బరు చెప్పు కాల్చిన మసి సబ్బునీళ్లలో కలిపి, కుట్టుసూదితో జైల్లోనే పొడిచారట.

"జైల్ల తేలు ఉన్నోనికి గోడ పక్కకు పండుకోను జాగ, కూర జెర ఎక్కువ. బయటకొచ్చినంక గదే తేలును చూసి ఎవ్వడు పని ఇయ్యలే," అనేవాడు. ఇంకోసారి, "ఎనకట తెల్లదొరల కాలంల ఖైదీలకు నుదుటి మీదనే పొడిచేటోళ్లట. రుమాలు కిందికి గుంజి కట్టుకునేటోళ్లట పాపం. నా నసీబు మంచిది, చొక్కాతోటి అయిపోయింది," అని నవ్వాడు.

ఆయనకున్న రంది, దిగులు ఒక్కటే. జైల్లో ఉండగా వాళ్లమ్మ పోయింది. చివరిచూపు దొరకలేదు. పోయేటప్పుడు సొమ్ములన్నీ తీసేస్తారు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని మా దిక్కు అంటారు.

"పైన అమ్మ నా చెయ్యి పట్టి చూస్తే ముందుగాల తేలే కనవడతది. నువ్వు నా కొడుకువు కాదు పో అంటే ఏం జెయ్యాలె తమ్మీ?" అన్నాడు.

మొన్నటి బోనాల జాతరలో మిషన్ పెట్టుకుని పచ్చబొట్లు వేసే ఆమె దగ్గరికి నన్ను తోడు తీసుకుపోయాడు.

"గీ వయసుల ఎవరి పేరు తాతా?" అందామె.

"పేరు గాదు బిడ్డా, మా అమ్మ చేతి మీది ముగ్గు."

"తేలు మీదికెళ్లి పెద్ద గులాబి ఏస్తా. కనవడనే కనవడది."

"వద్దు. అది జేసింది నేనే. దాస్తే అమ్మకు ఇంక కోపమొస్తది. ముగ్గు పక్కకు ఏయ్యి. నన్ను గుర్తువడితే సాలు."

పోయిన రోజు స్నానం చేయించాక ఆయన బామ్మర్ది నిండు చేతుల చొక్కా తొడిగి గుండీ పెట్టబోయాడు.

"నలుగురొస్తరు. బతికినన్ని దినాలు కప్పుకునే ఉన్నడు గద," అన్నాడు.

నిజమే. కానీ ముగ్గు సంగతి నాకొక్కడికే తెలుసు. నలుగురిలో ఎన్నడూ నోరు తెరవని వాణ్ణి, "చెయ్యి బయటనే ఉండనియ్యండి," అన్నాను.

"ఎందుకు?" అన్నాడు బామ్మర్ది.

"వాళ్లమ్మ చూడాలె."

అన్న భార్య, మా వదిన, నా వైపు ఒకసారి చూసింది. ఆయనే ఇస్త్రీ చేసి పెట్టుకున్న ఆ చొక్కా చేతిని, గీత చెదరకుండా, మోచేతి దాకా తనే మడిచింది. పసుపు కింద తేలు మసకగా ఉంది. పక్కన ముగ్గు పచ్చగా ఉంది.

ఆ ముగ్గును కింద గీశాను. నాలుగు చుక్కలు, చుట్టూ ఒక తీగ. నా అక్షరాలకన్నా ఇదే నయంగా వచ్చింది. దీని పేరు ఆయనకూ తెలియదు. వదిన తన చేతికీ వేయించుకుంటానంటోంది, పేరేమిటని రోజూ అడుగుతోంది. మీ ఇళ్లలో పెద్దవాళ్ల చేతుల మీద ఇలాంటిది ఉంటే, ఏమంటారో కనుక్కుని జల్దీ రాయండి.