పెరట్లో సభ, సోఫాలో ఓట్లు

మా శాంటా క్లారా వైపు రాష్ట్ర శాసనసభ సభ్యుడికి పదవిలో పన్నెండేళ్లు నిండాయి. కాలిఫోర్నియాలో అంతకుమించి దేవుడైనా ఆ సభలో కూర్చోవడానికి వీల్లేదు. అన్నేళ్లూ ఆయన మీద పోటీకి దోమ కూడా దిగలేదు. కుర్చీ ఖాళీ అనగానే వీధికొక అభ్యర్థి మొలిచాడు. మా వీధికి మొలిచింది పక్కింటి వదిన.

తొలివిడతలో ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరే నవంబరు పోటీకి వెళ్తారు. ఇప్పుడు తప్పితే, గెలిచినవాళ్లు మళ్లీ పన్నెండేళ్లు కదలరని వదిన బెంగ.

ప్రచారానికి ఆవిడ పెరట్లోనే సభ పెట్టాం. భూమ్మీది తెలుగువాళ్లంతా అక్కడే ఉన్నారు. బిర్యానీ ట్రేలు రన్‌వేలా పరుచుకున్నాయి. జేజేలకి కార్ల అలారాలు మోగాయి. నేనైతే అప్పుడే వదినని గవర్నర్ని చేసేశాను.

"ఓటున్నవాళ్లు చేతులెత్తండి," అంది వదిన.

నాదీ, మా ఆవిడదీ లేచాయి. మూడో చెయ్యి లేచింది పెరుగు పచ్చడి కోసం.

"నాది హెచ్-వన్ వీసా వదినా, ఓటెక్కడిది?" అన్నాడు మా ఆఫీసాయన. "గ్రీన్‌కార్డ్ వచ్చి, పౌరసత్వం వచ్చేసరికి మీ తర్వాత ఆ కుర్చీలో మీ మనవరాలి పన్నెండేళ్లు కూడా అయిపోతాయి."

"మరి ఇంతమందికీ బిర్యానీ ఎందుకు పెట్టినట్టు?" వదిన కుర్చీలో కూలబడింది.

అప్పుడు తట్టింది. ఓట్లు ఇంట్లోనే ఉన్నాయి! ఇక్కడే పుట్టి, పద్దెనిమిది దాటిన మా పిల్లలు లోపల సోఫాల్లో ఫోన్లు చూసుకుంటున్నారు. బతిమాలి బయటికి తెచ్చి, మహారాజుల్లా కూర్చోబెట్టాం. ఒకావిడ రోజూ తిట్టే కొడుక్కి ముక్కలు ఏరి ఏరి వడ్డించింది.

వదిన నోరు తెరిచేలోపే మా అమ్మాయి అందుకుంది.

"ఆంటీ, మీకు మాక్స్ ట్వెల్వ్ ఇయర్సే కదా? ఫస్ట్ ఏం ఫిక్స్ చేస్తారు?"

"అన్నీనమ్మా! ఇళ్లు, ట్రాఫిక్, స్కూళ్లు..."

"అన్నీ అంటే ఏం చెయ్యరు ఆంటీ. ఒకటి చెప్పు."

"చెప్పండి అనవే!" అని మా ఆవిడ పళ్లు కొరికింది.

వదిన ఒక వేలు ఎత్తింది. "అద్దెలు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడెక్కడి నుంచో డ్రైవ్ చేసుకొస్తున్నారు. అపార్ట్‌మెంట్లు కట్టనివ్వాలి. మన వీధి చివర కూడా."

పిల్లలు ఈలలు వేశారు. సొంతిళ్లున్న మా మొహాలు మాడిపోయాయి.

"మన వీధిలోనా? ఇళ్ల రేట్లు పడిపోవూ?" అని నేనే అరిచాను.

"ఎలాగూ పన్నెండేళ్లకి పంపించేస్తారుగా మరిదిగారూ. ఇంక భయపడి లాభమేంటి?"

ఆ ఒక్క మాటకి పిల్లలు ఓట్లడుగుతూ కాలేజీ మొత్తం చుట్టేశారు. మా అమ్మాయి అరిగించిన చెప్పులతో కొట్టు పెట్టొచ్చు. పోస్టులో బ్యాలెట్ రాగానే నా ఎదుట కూర్చుని, కన్నార్పకుండా నా చేతనే వదిన పేరు పక్కన గుర్తు పెట్టించింది.

తొలివిడతలో వదినకి రెండో స్థానం! నవంబరుకి వెళ్తోంది. మా వీధి ఊగిపోయింది. నేనూ కంచె ఎత్తున ఎగిరాను. ఇంటి రేటు సంగతి తర్వాత ఏడవచ్చు.