ఊరంతటికీ ఒక్క పోతురాజు

పోతురాజుకి ఫోటో పిచ్చి. మామూలు పిచ్చి కాదు. ఊళ్లో ఎవరి ఫోన్ పైకి లేచినా దాని ముందు పోతురాజు మీసం లేస్తుంది. అరసవల్లి గుడి బయట ఎవరో పెళ్లివారు ఫోటో దిగుతుంటే మధ్యలో దూరి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈయన మీ తాలూకా మనిషంటే మీ తాలూకా మనిషని ఆ వియ్యంకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారట.

ఈ పిచ్చి ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం అనితకి. ఆమె ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలు. ప్రభుత్వ సాయం రైతు ఖాతాలో పడాలంటే పంట నమోదు కావాలి, నమోదు కావాలంటే రైతు తన పొలంలో నిలబడి అనిత ఫోన్లోని యాప్‌లో ఫోటో దిగాలి. పండించాడో లేదో పంటను చూస్తే తెలియదు, ఫోటో చూస్తేనే తెలుస్తుందని పైవాళ్ల నమ్మకం. అనిత ఎవరి పొలంలో ఫోన్ ఎత్తినా రైతు భుజం పక్కన పోతురాజు సిద్ధం.

మండలాఫీసు నుంచి ఫోన్ రానే వచ్చింది. "ఏటమ్మా, మీ ఊరంతటికీ ఒక్కడే రైతా?"

"కాదు సార్, ఒక్కడే పోతురాజు."

నమోదుకి ఆఖరి రోజు రానే వచ్చింది. జగ్గమ్మది తప్ప అందరివీ అయిపోయాయి. మొగుడు పోయాక ఊరి వాగు గెడ్డకి అవతలున్న చెక్క పొలాన్ని ఒంటిచేత్తో సాగు చేసుకుంటున్న మనిషి జగ్గమ్మ. మొన్ననే గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. మంచంలో ఫోటో తీస్తే యాప్ ఒప్పుకోదు. "ఈ ఏడు నాకు లేదనుకుంతాను పాపా" అంది పాపం. అనితకి ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రం పోతురాజు ఊడిపడ్డాడు. కొత్త చొక్కా, నూనె రాసిన మీసం.

"అమ్మా, నా ఫోటో మళ్లీ తియ్యాల."

"మీదెప్పుడో అయిపోయింది కదా బాబాయ్! అందరి ఫోటోల్లోనూ మీరే ఉన్నారు!"

"వాటిల్లో కళ లేదు. రా, రా."

పొలం గట్టు మీద ఫోన్ ఎత్తింది. "ఎలుతురు సాలదు, కొంచెం అవతలకి పద" అన్నాడు. తాటిచెట్టు దగ్గర ఎత్తింది. "ఎనకాల సెట్టు నా కంటే పొడుగున్నాది, పద." చివరికి గెడ్డ దగ్గర తేలారు. "అవతలొడ్డు ఎంత పచ్చగున్నాదో సూడు!" నీ ఫోటో తగలెయ్య అని లోపల తిట్టుకుంటూ, చెప్పులు చేత పట్టుకుని అనిత మోకాల్లోతు నీళ్లలో దిగింది.

అవతల గట్టు మీద, కాలికి కట్టుతో, నాటుబండి పక్కన జగ్గమ్మ కూర్చుని ఉంది!

"ఏటి సెప్పమంటావు పాపా!" అంది జగ్గమ్మ. "ఈ సచ్చినోడు నన్ను బస్తాలాగ బండిలో ఏసి తెచ్చీసాడు. ముందే సెబితే కాలు పాడైపోతాదని నువ్వు అడ్డుపడతావట!"

యాప్ నిలబడమంటుంది. జగ్గమ్మ నిలబడలేదు. పోతురాజు కొత్త చొక్కాతోనే వరి మళ్లో దిగి, ఆమె వెనక నాలుగు కాళ్ల మీద వంగాడు.

"నా ఈపు మీద సెయ్యేసి నిలబడు జగ్గమ్మప్పా." ఏపుగా ఎదిగిన వరి అతన్ని కప్పేసింది. "నా మీసం కనిపిస్తన్నాదేటి?"

"లేదు బాబాయ్."

"అయితే బేగి కొట్టు!"

యాప్ ఒప్పుకుంది. జగ్గమ్మ పేరు ఎక్కింది. బురద కారుతూ లేచిన ఆ మనిషిని చూస్తే అనితకి ఎక్కడలేని ముచ్చట వేసింది.

"ఇలా తిరగండి బాబాయ్, మీదొకటి తీస్తాను" అని ఫోన్ ఎత్తింది.

పోతురాజు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టేసుకున్నాడు.

"ఒద్దమ్మా, ఇప్పుడు బాగోను. ముందు అప్పకి బండెక్కడానికి సాయం పట్టు."